గుడ్డులో ముడుపు

ఆ గుడ్డు చాక్లెట్ కనిపెట్టినవాడెవడో గానీ, వాడికి పిల్లల మనసు కొట్టినపిండి. ప్లాస్టిక్ గుడ్డు విప్పితే రెండు చెక్కలు. ఒక చెక్కలో తినేది, ఇంకో చెక్కలో ఆడుకునేది. తినేది నాలుగు చెంచాలుండదు, దానికిచ్చే చెంచా చూస్తే చిటికెన వేలంత. పిల్లలు నేలమీద పడి దొర్లేది దానికోసం కాదు. రెండో చెక్కలో ఏ బొమ్మ ఉందో విప్పేదాకా తెలియదు చూడండి, అందుకోసం. జంషెడ్‌పూర్ బారిడీహ్ బజార్లో దుకాణాలవాళ్ళు కూడా తక్కువవాళ్ళు కారు. ఆ గుడ్ల డబ్బా తెచ్చి సరిగ్గా ఆరేళ్ళ పిల్ల కళ్ళకి ఎదురుగా పెడతారు.

అమ్మణ్ణి వారం వారం ఒక గుడ్డు కొనేది. ఇడ్లీలమ్ముకు బతికే మనిషికి ఇదేం సరదా అని దుకాణదారు నవ్వేవాడు. మనవరాలికా అని అడిగితే అవునని తలూపేది. పిల్లలే లేని మనిషికి మనవరాలెక్కణ్ణించి వస్తుంది? ఆ గుడ్డు పక్కవాటా కిషోర్ కూతురు హాసినికి.

అమ్మణ్ణిది ఇచ్ఛాపురం దగ్గర ఓ పల్లె. ఆమెని కని తల్లి కన్నుమూసింది. పురిట్లో రక్తం ఆగక పోయిందని చెప్పడానికి ఊళ్ళో ఒక్కరికీ నోరు పెగల్లేదు గానీ, 'తల్లిని మింగి పుట్టింది' అనడానికి మాత్రం అందరికీ పెగిలింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అన్నం వడ్డిస్తూ అన్నారు, తల దువ్వుతూ అన్నారు, పెళ్ళిపందిట్లో పక్కకి జరగమంటూ అన్నారు. ఆదిబాబుని కట్టుకుని జంషెడ్‌పూర్ వచ్చాక అమ్మణ్ణి హమ్మయ్య అనుకుంది. ఈ ఊళ్ళో ఆ మాట ఎవరికి తెలుసు! కొన్నేళ్ళకి ఆదిబాబు డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. పెదకర్మానికి వచ్చిన చుట్టాలు తమతోపాటు ఆ మాటని కూడా రైలెక్కించి తెచ్చారు. ఈసారి 'మొగుణ్ణి కూడా' అని ఒక ముక్క కలిపారు.

అప్పట్నుంచీ ఒక్కతే. పొద్దున షిఫ్టు బస్సులాగే మలుపులో ఇడ్లీ బండి, ఎండెక్కేసరికి ఇల్లు. మధ్యాహ్నం బడి వ్యాను దిగి హాసిని సరాసరి ఈమె గదిలోకే వచ్చేది. తల్లి హేమ టెల్కో కాలనీలో ఓ స్కూల్లో టీచరు, ఇంటికొచ్చేసరికి సాయంత్రం. కిషోర్‌ది ట్రక్కుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఇద్దరూ అమ్మణ్ణిని పిన్నీ అని పిలుస్తారు. పిల్లని చూసుకున్నందుకు ఆమె ఏనాడూ ఏమీ పుచ్చుకోలేదు, ఆ పిలుపు తప్ప. హాసిని మాత్రం హిందీవాళ్ళు అమ్మమ్మని పిలిచినట్టు నానీ అంటుంది. ఈమె తెలుగులో మాట్లాడితే ఆ పిల్ల హిందీలో జవాబు చెబుతుంది, ఇద్దరికీ ఎక్కడా అడ్డం రాదు.

పళ్ళు పుచ్చిపోతున్నాయని హేమ ఇంట్లో చాక్లెట్ బంద్ చేసింది. అందుకే గుడ్డు సంగతి నానీకీ మనవరాలికీ మధ్యే ఉండేది. తినేది పిల్ల తినేసేది. బొమ్మలు అమ్మణ్ణి గదిలో ఒక పాత సీసాలో పడేవి. ఖాళీ చెక్కలు అమ్మణ్ణి పారేసే రకమా? కడిగి, తుడిచి, దేవుడి గూట్లో పెట్టుకుంది. ఒకదాన్లో పసుపు, ఒకదాన్లో కుంకుమ, ఒకదాన్లో అక్షింతలు. పసుపు తీసుకోడానికి చాక్లెట్ చెంచా. దుర్గమ్మ పటం ముందు అన్నీ గుడ్డు చెక్కలే. చూసినవాళ్ళు నవ్వుకునేవారు.

హేమకి మళ్ళీ నెల తప్పింది. అంతకుముందు ఒకటి నిలవలేదు కాబట్టి ఈసారి అందరికీ భయమే. కోడలు తల్లి లేని పిల్ల కదా అని, సోంపేట నుంచి అత్తగారు నూకమ్మ ముందే వచ్చి దిగింది. నూకమ్మ చెడ్డదని ఎవరూ అనరు. కోడల్ని మంచం దిగనిచ్చేది కాదు, కాళ్ళు పట్టేది. కాకపోతే గుమ్మానికి నిమ్మకాయలు కట్టడం, వీధి చివర నీళ్ళు దిగదుడవడం ఎక్కువ. అమ్మణ్ణి ఇంట్లోకొస్తే ఒక్క క్షణం ఆమె బొట్టులేని నుదురు చూసి చూపు తిప్పుకునేది. అమ్మణ్ణికి అలాంటి చూపులు కొత్తా?

ఓరోజు అమ్మణ్ణి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ, అక్షింతలు పెట్టి మూట కడుతుంటే హాసిని వచ్చి పక్కన చతికిలబడింది.

"నానీ, యే క్యా హై?"

"ముడుపు, అమ్మీ. మీ అమ్మ కడుపులో బిడ్డ సల్లగా బయటికి రావాలని దుర్గమ్మకి మొక్కి కడతన్నాను."

"ఇస్ మే క్యా డాల్తే హై?"

"ఎవులికి ఇష్టమైంది ఆలు ఎడతారు. అమ్మకి మనమేటి బాగా ఇష్టంగా దాసుకున్నామో అది ఇవ్వాల. కొందరు జుట్టు కూడా ఇత్తారు."

పిల్ల కాసేపు ఆలోచించింది. అమ్మ కడుపులో అన్నా, అక్కా, చెల్లా అని అడిగింది.

"అన్న, అక్క ఇంకేటి పుడతారే! తమ్ముడో సెల్లో. నీ గుడ్డు నాగే. ఇప్పేదాకా ఎవులికీ తెల్దు."

"ముఝే బహన్ చాహియే," అంది హాసిని ఖచ్చితంగా, దుకాణంలో గులాబీరంగు గుడ్డు చూపించి అడిగినట్టే. చెల్లే కావాలి.

"అయితే దుర్గమ్మనడుగు. గానీ ఎవులికీ సెప్పకూడదు. సెప్తే మొక్కు తీరదు."

మాటవరసకి అన్నమాట అది. చిన్నప్పుడు తనకెవరో చెబితే తాను చెప్పింది, అంతే.

మర్నాడో మూడోనాడో దేవుడి గూట్లో కుంకుమ చెక్క, దాని పక్కనున్న ఖాళీ చెక్క కనిపించలేదు. ఎలకలు పడేశాయనుకుంది. హాసిని చెవి పక్కన జుట్టు ఒక కుచ్చు ఎగుడుదిగుడుగా కత్తిరించి ఉంది. కత్తెరతో ఆటలేమిటని హేమ రెండు వేసిందట. అమ్మణ్ణి నవ్వుకుంటూ రెండోవైపు కూడా సరిచేసి పంపింది.

ఆరో నెల్లో హేమకి నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో రెండు రాత్రులు గడిచాక కిషోర్ ఒక్కడే ఇంటికొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఆడపిల్లట. ఏడవను కూడా లేదట.

హేమ ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ హాసిని అమ్మణ్ణి గదిలోనే ఉంది. అమ్మణ్ణి గుడ్డు చాక్లెట్ తెచ్చి చేతిలో పెడితే విప్పలేదు. ఆ పిల్ల గుడ్డు విప్పకపోవడం అదే మొదటిసారి. గోడవైపు తిరిగి పడుకుని, చాలాసేపటికి అడిగింది. చెల్లి కావాలని నేనడిగినందుకేనా నానీ, అని. హిందీలోనే అడిగింది. అమ్మణ్ణికి మాత్రం అది తన పుట్టినూరి భాషలోనే వినిపించింది.

"సీ, పిచ్చిగుంటా! నువ్వడిగితే పోతాదేటి? డాట్రుకే తెల్లేదు ఎందుకు పోయిందో." పిల్లని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. ఆ వయసులో తనకి ఈ మాట చెప్పినవాళ్ళు ఒక్కరుంటే ఎంత బాగుండేదో అని ఏడుపొచ్చింది.

హేమని ఇంటికి తెచ్చాక నూకమ్మ ఇల్లు కడిగించింది. పరుపు ఎండలో వేయడానికి ఎత్తితే దానికింద, సరిగ్గా హేమ తలపెట్టుకునే చోట, ఓ గుడ్డు దొరికింది. గులాబీరంగు ప్లాస్టిక్ గుడ్డు. ఎర్రదారం చుట్టి ఉంది. ముడి ఊడకుండానే దారం పక్కకి జారింది, చెక్కలు విడదీస్తే కుంకుమ. కుంకుమలో ముంచిన చిన్న ఆడబొమ్మ. దాని మెడకి చుట్టిన నల్లటి జుట్టు. నాలుగు బియ్యపు గింజలు.

గుడ్డు, కుంకుమ, జుట్టు, బొమ్మ. ఈ నాలుగూ ఒకచోట చేరితే, మా వైపు పల్లెల్లో పుట్టినవాళ్ళకి బుర్రలో ఒకటే మాట మెదులుతుంది. చిల్లంగి. ఒకళ్ళ ఇంట్లో ప్రాణం తియ్యడానికి ఇంకొకళ్ళు పెట్టే చేతబడి. నూకమ్మ పెట్టిన కేకకి వాటాలవాళ్ళందరూ బయటికొచ్చారు. ఆ గుడ్డు చెక్కల్లో కుంకుమ పోసుకునేది ఈ లైన్లో ఎవరో చెప్పడానికి సోది అడగక్కర్లేదు.

చేటలో వేపాకు పరిచి, దానిమీద గుడ్డు పెట్టి, చేత్తో ముట్టుకోకుండా అమ్మణ్ణి గుమ్మంలోకి తెచ్చింది నూకమ్మ. వెనక కిషోర్. కిషోర్ కాలు పట్టుకుని హాసిని.

"ఇదేటి? ఇదేటమ్మా అని అడగతన్నాను! నా కోడలు నీకేటి అన్నాయం సేసింది?"

అమ్మణ్ణి వంగి చూసింది. బొమ్మకి వెనకాల చిన్న రెక్కలున్నాయి. సీసాలో అన్ని బొమ్మల్లోకీ హాసిని ఎవరినీ ముట్టుకోనివ్వని బొమ్మ అది. దారం చూసింది. బడికెళ్ళే బూట్ల లేసు కట్టినట్టు రెండు చెవులు పెట్టి కట్టిన ముడి. పెద్దవాళ్ళెవరూ ముడుపు దారానికి పువ్వుముడి వెయ్యరు. జుట్టు ఎవరిదో, ఎప్పుడు కత్తిరించిందో, ఎందుకు ఎవరికీ చెప్పలేదో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. తానే నేర్పింది. ఎవరికీ చెప్పొద్దన్నదీ తానే.

తలెత్తేసరికి హాసిని ఈమె వంకే చూస్తోంది. ముఖంలో నెత్తురు లేదు.

నూకమ్మ మనవరాలి భుజం పట్టుకుంది. "ఒలే అమ్మీ, నువ్వు రోజూ ఈవిడ కాడే ఉంటావు గదా. ఇది ఎవులెట్టినారో నీకు తెలుసేటి? సెప్పు. బయపడక సెప్పు."

పిల్ల పెదాలు కదిలాయి.

నిజం బయటపడితే ఏమవుతుంది? పిల్లని కొట్టరు. ఏదో తెలియక చేసిందంటారు, దగ్గరికి కూడా తీసుకుంటారు. ఆ తర్వాత ఎప్పుడో అన్నం పెడుతూ అంటారు. తల దువ్వుతూ అంటారు. పెళ్ళిచూపుల ముందు గుసగుసగా అంటారు. చెల్లిని మింగింది. ఆ మాట ఎంత బరువుంటుందో, రాత్రుళ్ళు ఏ వైపు తిరిగి పడుకున్నా ఎలా గుచ్చుకుంటుందో ఆ గుంపులో ఒక్క అమ్మణ్ణికే తెలుసు.

"గుంటనేటి అడుగుతావు, నానే ఎట్టినాను," అంది.

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు.

"ముడుపమ్మా. బిడ్డ సల్లగా రావాలని కట్టినాను."

"ముడుపు దేవుడి కాడ కడతారు గానీ పక్క కింద దాత్తారేటి! ముడుపులో ఆడబొమ్మెందుకు? దాని పీకకి జుట్టు సుట్టడమెందుకు? ఆడపిల్లే పోనాది గదమ్మా నా ఇంట్లో!" నూకమ్మ గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు నిజం ఏడుపు. దానికి ఏ జవాబు చెప్పినా ఆనదు.

తెలుగువాళ్ళు చిల్లంగి అంటుంటే పక్కనున్న హిందీవాళ్ళకి ఎవరూ అర్థం చెప్పనవసరం లేకపోయింది. వాళ్ళ దగ్గర తయారుగా ఓ మాటుంది, డాయన్. మనుషుల్ని తినే మంత్రగత్తె. మా దేశపు చెడ్డ మాటకి ఈ దేశపు చెడ్డ మాట ఎంత తొందరగా చుట్టమైపోయిందో!

కిషోర్ అమ్మణ్ణి ముఖం చూడలేదు. ఎన్నేళ్ళు ఆమె చేతి ఇడ్లీ తిని డ్యూటీకి పోయాడో. "పిన్నీ, గొడవొద్దు. రూమ్ ఖాళీ కర్ దో. అమ్మ ఊరుకోదు," అన్నాడు నేలని చూస్తూ.

మర్నాడు బండి పెడితే షిఫ్టు బస్సులు వచ్చాయి, పోయాయి. ఒక్క చెయ్యి ముందుకి రాలేదు. ఇడ్లీలు ఆవులకి పెట్టింది. సాయంత్రానికి ఎవరో పిండిగిన్నెలో బూడిద పోసి పోయారు.

అమ్మణ్ణికి ఒక్క ఆశ మిగిలింది, హేమ. చదువుకున్న పిల్ల. గుమ్మానికి నిమ్మకాయ కడితే నవ్వేది. మూట ముల్లె సర్దుకుంటుంటే హేమ పెరటి గుమ్మంలోకి వచ్చింది, బాలింత కాబట్టి చెవులకి గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని.

"పిన్నీ, ఐసీ బాతో మే నేను నమ్మకం పెట్టుకోను. నీకు తెలుసు కదా. బేబీ ముందునుంచే వీక్‌గా ఉందని డాక్టర్ చెప్పింది."

అమ్మణ్ణికి ప్రాణం లేచొచ్చింది. "అదే గదమ్మా!"

"అయినా," అంది హేమ. "అయినా ఎందుకు పెట్టావు పిన్నీ? నా తలకిందే పెట్టావు. పెట్టకుండా ఉంటే బాగుండేది కదా."

చదువు అంతవరకే పనిచేసింది. నాలుక చివరి దాకా వచ్చింది నిజం. తల్లి కదా, కూతుర్ని కడుపులో దాచుకోదూ అనిపించింది. కానీ 'అయినా' అన్న హేమ గొంతు అమ్మణ్ణి విన్నది. ఆ 'అయినా' రేపు కూతురి వైపు తిరగదని ఎవరు పూచీ?

"బుద్ది గెడ్డి తింది," అంది. "ఒక్కటి మాత్రం ఇనమ్మా. గుంటని ఈ సంగతి ఎప్పుడూ ఏటీ అడక్కండి. దాన్ని ఒగ్గేయండి."

హేమ ముఖం మారిపోయింది. కూతురి పేరు ఈమె నోట వినడం ఇష్టం లేనట్టు ఒక అడుగు వెనక్కి వేసింది. "హాసిని సంగతి నీకెందుకు పిన్నీ ఇంక," అని తలుపు దగ్గరగా వేసుకుంది.

అమ్మణ్ణి కాసిడీహ్‌లో ఊరికి రెండో మూలన ఓ చిన్న గది చూసుకుంది. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఓ దుకాణం అరుగు పక్కన బండి పెట్టుకోనిచ్చారు. మెల్లగా గిరాకీ వచ్చింది. మరుసటేడు హాసినిని ఆ పక్కనే ఉన్న బళ్ళో వేశారు. అది ముందే తెలిసి అమ్మణ్ణి అక్కడ చేరిందా, పిల్ల వచ్చాక బండి రెండు గజాలు ఇటు జరిపిందా అన్నది అమ్మణ్ణినే అడగాలి. పొద్దున్నే వ్యాను దిగి పిల్లలు గేటు వైపు పోతుంటే కొంగు తలమీదికి లాక్కుని చూసేది. పిల్ల పొడుగైంది. చెవి పక్క జుట్టు పెరిగి జడలో కలిసిపోయింది. నవ్వుతోంది, తోటి పిల్లల్ని తోస్తోంది, గెంతుతోంది. మెడ మీద ఏ బరువూ ఉన్నట్టు లేదు. అది చూసి అమ్మణ్ణి ఇడ్లీలు దించేది.

చూసి ఊరుకుంటే బాగుండేది. మనిషి కదా, చూపుతో ఆగలేదు. ఓరోజు గులాబీరంగు గుడ్డు ఒకటి కొని చట్నీగిన్నె పక్కన పెట్టుకుంది.

ఆ వారంలోనే హాసిని, ఇంకో పిల్ల పెన్సిల్ కోసం దుకాణానికి వచ్చారు. హాసిని డబ్బాలోంచి ఓ గుడ్డు తీసి చెవి దగ్గర ఊపి చూస్తోంది. లోపల ఏముందో చప్పుడుబట్టి కనిపెట్టాలని నానీ గదిలో నేర్చుకున్న అలవాటే అది. అమ్మణ్ణి బండి వదిలి దగ్గరికొచ్చింది.

"అమ్మీ," అని గుడ్డు చాపింది.

హాసిని చూసింది. పోల్చుకుంది. చేతిలోని గుడ్డు డబ్బాలో పడేసి స్నేహితురాలి మణికట్టు పట్టి వెనక్కి లాగింది.

"మత్ లే!" తీసుకోవద్దంది. "డాయన్ హై."

"కౌన్?" అంది రెండో పిల్ల కళ్ళు పెద్దవి చేసి.

"యహీ. ఇసీ నే హమారే ఘర్ మే అండా రఖా థా. మేరీ బహన్ కో ఖా గయీ."

ఈమే. మా ఇంట్లో గుడ్డు పెట్టింది ఈమే. నా చెల్లిని తినేసింది.

అమ్మణ్ణి ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. అబద్ధమాడే పిల్లల కళ్ళు ఎక్కడో ఒకచోట తడబడతాయి. ఒక్క తడబాటు, ఒక్క రెప్పపాటు జంకు దొరికితే చాలు, ఈ లోకంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరున్నట్టు. వెతికింది. ఏమీ లేదు. ఎక్కం అప్పజెప్పినంత తేటగా ఉన్నాయి. పువ్వుముడి వేసిన వేళ్ళు ఆ ముడిని మరిచిపోయాయి. ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ చెప్పుకున్న కథే ఆ పిల్లకి జరిగిన కథ అయిపోయింది.

నానమ్మ నేర్పినట్టు హాసిని నేలమీద మూడుసార్లు థూ థూ థూ అని ఉమ్మి, స్నేహితురాల్ని లాక్కుని బడిగేటు వైపు పరిగెత్తింది.

అమ్మణ్ణి మొక్కుకున్నది ఇదే. ఆ మాట ఆ పిల్లకి అంటకూడదనుకుంది, అంటలేదు. ఎక్కడికక్కడ వచ్చి తనకే అంటుకుంది. మొక్కు తీరిందంటే ఇదే కదా, సంతోషించాలి. అరుగు పట్టుకుని నిలబడి చాలాసేపు ప్రయత్నించింది. సంతోషం రాలేదు.

దుకాణదారు గల్లా దగ్గర నుంచి అంతా విన్నాడు. ఇంట్లో పిల్లల కోసం రోజూ పంపే గిన్నె ఆ పూట కూడా అరుగుమీద పెట్టి ఉంది, ఇడ్లీలు వెయ్యమని. అతను మెల్లగా చెయ్యి చాపి ఆ ఖాళీ గిన్నెని లోపలికి తీసుకున్నాడు.

అమ్మణ్ణి గుడ్డు విప్పకుండానే ఎంగిలి ప్లేట్ల బకెట్లో పడేసి, బండి సర్దడం మొదలుపెట్టింది.